నీళ్లు ఆపకుండా పైపు మార్చినట్టు

హైదరాబాద్‌లో పేపరు చదివేవాళ్లకు ఈ చిన్న ప్రకటన బాగా అలవాటే. ఫలానా చోట పెద్ద పైప్‌లైనుకు జంక్షన్ పనులు చేస్తున్నాం, రేపు పొద్దున 6 గంటల నుంచి ఎల్లుండి పొద్దున 6 దాకా ఈ కింది ప్రాంతాలకు నీళ్లు రావు అని జలమండలి చెబుతుంది. కింద కాలనీల పేర్లు బారెడు. ఆ రాత్రి ఇంట్లో బిందెలు, బకెట్లు, ఆఖరికి ఇడ్లీ పాత్ర కూడా నిండుతుంది. రైల్వేవాళ్లదీ ఇదే వరస. కాజీపేట–విజయవాడ మార్గంలో మూడో లైను కలిపే పనులు పెట్టుకున్నప్పుడల్లా ‘నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా’ అంటూ రద్దయిన రైళ్ల పట్టిక వస్తుంది. కరెంటువాళ్లయితే ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని ఫీడరు ఆపేశాకే స్తంభం ఎక్కుతారు.

ఇంటర్నెట్ విషయంలో ఇలాంటి పట్టిక చూసినవాళ్లు దాదాపు ఉండరు. అలాగని అక్కడ పనులు జరగడం లేదా అంటే, నీటి పైపులూ రైలు పట్టాలూ కలలో కూడా ఊహించనంత జరిగాయి. సీ-మీ-వీ 4 అనే సముద్ర కేబులునే తీసుకుందాం. సింగపూర్ నుంచి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ దాకా సుమారు 18,800 కిలోమీటర్లు సాగే ఈ కేబులు మన దేశంలో చెన్నై, ముంబైల దగ్గర ఒడ్డెక్కుతుంది. 2005 డిసెంబరులో మొదలైనప్పుడు దాని సామర్థ్యం సెకనుకు 1.28 టెరాబిట్లు. పదేళ్లు తిరిగేసరికి 4.6 టెరాబిట్లకు చేరింది. ఆ పెంపు కోసం సముద్రం అడుగున కొత్త తీగ వెయ్యలేదు. దాని మీద నడిచే ఫోన్లనూ బ్యాంకు లెక్కలనూ ‘రేపటిదాకా ఆగండి’ అని కట్టేసి కూర్చోబెట్టనూ లేదు.

పని జరిగింది ఒడ్డు మీద, ఏసీ గదుల్లో, తీగ రెండు చివర్లలో.

తీగకు వేగం తెలియదు

ఫైబరు అంటే ఇంచుమించు వెంట్రుకంత లావుండే గాజు పోగు. అందులోనూ వెలుగు నడిచే దారి నడిమధ్యన ఉండే సన్నటి గీత ఒక్కటే. దాని మందం 9 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో తొమ్మిది ముక్కలన్నమాట. ఒక చివర లేజరు దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. రెండో చివర ఒక కన్ను దాన్ని చూసి రాసుకుంటుంది. వెలిగితే ఒకటి, ఆరితే సున్నా.

నీటి పైపుకూ దీనికీ తేడా ఇక్కడే. రెట్టింపు నీళ్లు కావాలంటే లావుపాటి పైపు వెయ్యాలి. ఫైబరులో రెట్టింపు సమాచారం కావాలంటే దీపం రెట్టింపు వేగంతో మిణుకుమంటే సరి. చాలా దూరం వరకు గాజుకు ఆ సంగతే పట్టదు. 1990ల్లో, సెకనుకు రెండున్నర గిగాబిట్లు పంపితే గొప్ప అనుకున్న రోజుల్లో పాతిన మామూలు సింగిల్ మోడ్ ఫైబరు మీదే ఇవాళ ఒక్కో రంగు వెలుగులో 100, 400 గిగాబిట్లు పోతున్నాయి.

ఈ మొద్దుతనం విలువ తెలియాలంటే తెలివైన తీగకు ఏం గతి పట్టిందో చూడాలి. అట్లాంటిక్ మహాసముద్రంలో వేసిన తొలి ఫైబరు కేబులు టాట్-8. సంవత్సరం 1988. వెలుగు దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. ఇప్పటి మేలురకం గాజులో కూడా 15 కిలోమీటర్లకు సగమవుతుంది, 100 కిలోమీటర్లు దాటేసరికి వందో వంతు మిగులుతుంది. అందుకని టాట్-8కు సముద్రం అడుగున దారి పొడవునా రిపీటర్లు పెట్టారు. ఒక్కో రిపీటరు తనకు చేరిన వెలుగును విద్యుత్తుగా మార్చి, ఏది ఒకటో ఏది సున్నానో తేల్చుకుని, కొత్త లేజరుతో మళ్లీ తాజాగా పంపేది. విన్నది అర్థం చేసుకుని తిరిగి చెప్పే దుబాసీ అనుకోవచ్చు. ఆ దుబాసీకి వచ్చింది ఒకే ఒక్క వేగం, జత ఫైబరుకు సెకనుకు 280 మెగాబిట్లు. ఒడ్డు మీద ఎంత గొప్ప యంత్రం తెచ్చి పెట్టినా నీళ్లలో ఉన్నవాళ్లు దాన్ని అందుకోలేరు. వాళ్లను మార్చాలంటే ఓడ వెళ్లి కేబులు పైకి లాగాలి. అది అయ్యే పని కాదు. 2002లో టాట్-8ను ఆపేశారు.

దాని తర్వాతి తరం దుబాసీలను మానేసి భజన బృందాన్ని పెట్టుకుంది.

◆ భజన బృందం: ఎర్బియం చేసే పని

ఎర్బియం రేర్ ఎర్త్ లోహాల్లో ఒకటి. పది ఇరవై మీటర్ల ఫైబరు ముక్కలో దాన్ని రవ్వంత కలిపి, పక్క నుంచి వేరే లేజరుతో శక్తిని ఎక్కిస్తే అందులోని పరమాణువులు ఉబలాటంతో కూర్చుంటాయి. అప్పుడు ఆ దారిన నీరసించిన వెలుగు ఒకటి వస్తుంది. భజనలో ఒకరు సన్నటి గొంతుతో పాట ఎత్తుకుంటే గుంపంతా అదే శ్రుతిలో అందుకున్నట్టు, పరమాణువులు అదే రంగులో, అదే లయలో వెలుగును విడుదల చేస్తాయి. వచ్చిన సన్నని వెలుగు బలంగా బయటికి పోతుంది.

గుంపుకు పాట అర్థం తెలియనక్కర్లేదు. వేగం పెరిగినా, భాష మారినా, ఒకేసారి ఎనభై రంగులు వచ్చినా అందుకుంటుంది. 1987 ప్రాంతంలో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఇమాన్యుయెల్ దెసూర్వీర్ దీన్ని ఎవరి దారిన వాళ్లు సాధించారు. 1990ల నడిమికల్లా ఈ ఆంప్లిఫయర్లు సముద్రంలోకి దిగాయి. అప్పటి నుంచి కేబులు వయసును నిర్ణయించేది దాని చివర్లలో ఉన్న పెట్టెలు.

చెరువులో రెండు అలలు

చెరువులో రెండు రాళ్లు వేస్తే రెండు అలలు ఎదురెదురుగా వచ్చి, ఒకదాని మీదుగా ఒకటి దాటి, ఏమీ జరగనట్టు పోతాయి. వెలుగూ అంతే. రకరకాల రంగుల వెలుగులు ఒకే గాజు పోగులో పక్కపక్కన పోతాయి. రంగులని పేరేగానీ అన్నీ కంటికి కనిపించని పరారుణ వెలుగులే. ఒకదానికీ ఇంకోదానికీ తేడా యంత్రానికి తప్ప అందదు. ఎర్బియం అందుకోగల పరిధిలో ఇలాంటివి 80 నుంచి 96 దాకా సర్దుతారు. సీ-మీ-వీ 4 మొదటి లెక్క కూడా ఇలా కట్టిందే. రెండు జతల ఫైబరు, జతకు 64 రంగులు, రంగుకు 10 గిగాబిట్లు. గుణిస్తే 1.28 టెరాబిట్లు.

అంతరాయం లేకుండా సామర్థ్యం పెంచడంలో ఉన్న మొదటి కిటుకు ఇదే. పాత రంగులు వాటి పని చేసుకుంటుండగానే ఖాళీగా ఉన్న రంగులో కొత్త దీపం వెలిగిస్తారు. దానికి కావలసిన చోటు ముందే ఉంటుంది. రంగులన్నిటినీ కలిపి ఒకే పోగులోకి పంపే పెట్టెకు మొదటి రోజే అన్ని ద్వారాలూ పెట్టి, వాడనివాటికి మూత బిగించి ఉంచుతారు. మూత తీసి తీగ పెట్టడమే మిగిలిన పని.

రెండో కిటుకు దీపాన్నే తెలివైనది చెయ్యడం. పాతకాలపు 10 గిగాబిట్ల లేజరు డప్పులాంటిది. మోత ఉందా, లేదా, అంతే. 2010 ప్రాంతం నుంచి వచ్చిన ‘కోహెరెంట్’ పద్ధతి మృదంగం. వాయించడానికి రెండు వైపులు ఉన్నాయి. వెలుగు తరంగం నిలువుగానూ అడ్డంగానూ ఊగగలదు కాబట్టి రెండిటి మీదా వేర్వేరు సమాచారం పంపవచ్చు. పైగా ఒక్కో దెబ్బలో నాలుగు రకాల నాదాలు పలుకుతాయి, తరంగం ఎక్కడ మొదలైందన్న దాన్ని బట్టి. సెకనుకు పడే దెబ్బలు సుమారు మూడింతలు పెరిగాయి, ఒక్కో దెబ్బ మోసే సమాచారం నాలుగింతలు పెరిగింది. రెండూ కలిసి 10 గిగాబిట్లను 100 చేశాయి. తప్పులు దిద్దుకోవడానికి కావలసిన అదనపు బిట్లు కూడా అందులోనే ఇమిడాయి.

ఒక చిక్కుంది. డప్పూ మృదంగమూ పక్కపక్కన కూర్చుంటే డప్పు మోత మృదంగం నాదాన్ని చెడగొడుతుంది. 10 గిగాబిట్ల రంగు వెలిగి ఆరినప్పుడల్లా గాజు గుణం రవ్వంత మారి, పక్క రంగు తరంగాన్ని కదిలిస్తుంది. అందుకే పాతవీ కొత్తవీ కలిసి బతకాల్సిన కేబుళ్లలో ఇంజినీర్లు మధ్యన కొన్ని రంగులు ఖాళీగా వదిలేస్తారు. ఖరీదైన చోటు వృథా పోతుందని తెలిసీ వదులుతారు.

బంతిలో వడ్డన

ఇదంతా వింటే కొత్త రంగు వెలిగించడం స్విచ్చు వేసినంత తేలికనిపిస్తుంది. ఒకప్పుడు అలా వేసి దెబ్బతిన్నాకే పద్ధతి మారింది.

ఎర్బియం ఆంప్లిఫయరు పెళ్లి బంతిలో వడ్డించే పెద్దమనిషి లాంటిది. ఆయన దగ్గర ఒక గిన్నె పప్పు ఉంది, ఆ గిన్నె ఖాళీ కావలసిందే. ఎనభై మంది కూర్చుంటే తలా ఒక గరిటె. ఉన్నట్టుండి నలభై మంది లేచిపోతే? మిగిలినవాళ్ల విస్తళ్లలో రెండేసి గరిటెలు పడతాయి. ఆంప్లిఫయరు బయటికిచ్చే మొత్తం శక్తి ఇంచుమించు స్థిరం. సగం రంగులు ఒక్కసారిగా పోతే మిగిలిన రంగులకు రెట్టింపు దక్కుతుంది. దారిలో వరసగా ఇరవై ఆంప్లిఫయర్లుంటే ఆ పొంగు ఒకదాని నుంచి ఒకటికి పాకి ఇంకా వేగంగా లేస్తుంది. చివరన ఉన్న కన్ను కొద్ది క్షణాలు జిగేలుమని, లెక్క తప్పుతుంది. ఎదురుదిశలోనూ ఇంతే. ఇరవై కొత్త రంగులు ఒకేసారి వచ్చి కూర్చుంటే పాతవాటికి గరిటె నిండా దక్కదు.

అంటే ముట్టుకోని లింకు కూడా చెడిపోవచ్చు. అందుకే భూమి మీది నెట్‌వర్కుల్లో కొత్త రంగును నిమిషాల తరబడి, మెట్టు మెట్టుగా పెంచుతారు. ప్రతి మజిలీలోనూ యంత్రాలు పక్క రంగుల బలం కొలిచి, హెచ్చుతగ్గులు సరిచేశాకే తర్వాతి మెట్టు. సముద్రం కేబుళ్లలో దీనికి ఇంకా చక్కటి ఉపాయం ఉంది. ఖాళీ రంగులన్నిటినీ మొదటి రోజు నుంచే ఉత్తుత్తి వెలుగుతో నింపి ఉంచుతారు. అందులో ఏ సమాచారమూ ఉండదు, బంతిలో పీటలు ఖాళీగా లేవనిపించడానికే అది. నిజమైన రంగు వచ్చినప్పుడు ఆ పీట మీది ఉత్తుత్తి వెలుగు లేచి దానికి చోటిస్తుంది. వడ్డించేవాడికి మారినట్టే తెలియదు.

ఒక అంకె మారిస్తే ట్రాఫిక్ జారిపోతుంది

కొత్త దారి తయారైంది. పాత దారి మీద పోతున్న కోట్ల ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, దాని మీదికి మళ్లించడం ఎలా?

ఊరికి పాత రోడ్డు పక్కన బైపాస్ వేసినప్పుడు ‘రోడ్డు మూసేశాం’ అని గేటు దించితే హాహాకారాలు పుడతాయి. బైపాస్ తెరిచి, పాత రోడ్డు మీద టోలు విపరీతంగా పెంచితే లారీలు వాటంతటవే మళ్లుతాయి. అప్పటికే పాత రోడ్డెక్కిన లారీ దాని మీదే ఊరు దాటుతుంది. రౌటర్ల లోకంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. ప్రతి లింకుకూ ‘కాస్ట్’ అని ఒక అంకె ఉంటుంది. మొత్తం అంకె ఏ దారిలో తక్కువైతే రౌటరు ఆ దారి పడుతుంది. తియ్యబోయే లింకు అంకెను బాగా పెంచితే చాలు. ఈ పనిని ఇంజినీర్లు డ్రెయిన్ చెయ్యడం అంటారు, మడి నుంచి నీరు వార్చినట్టు.

అలాంటి రాత్రి ఒకటి ఎలా గడుస్తుందో దగ్గర నుంచి చూడవచ్చు. సమయం ఒంటిగంట దాటింది. ట్రాఫిక్ పలచబడే ఆ వేళనే ఎంచుకుంటారు. రెండు ఊళ్ల మధ్య నాలుగు 10 గిగాబిట్ల లింకుల బదులు ఒక 100 గిగాబిట్ లింకు పెట్టాలి. కొత్త లింకు ముందు రోజే వెలిగింది. ఒక పగలూ ఒక రాత్రీ దాని మీద పరీక్ష డేటా పంపి తప్పులు లెక్కపెట్టారు. యంత్రాల గదిలో ఫ్యాన్ల హోరు. టెక్నీషియన్ చెవిలో ఇయర్‌ఫోన్, అవతల కంట్రోలు గదిలో ఇంజినీరు.

“సార్, ఏడో పోర్టు తీసేయమంటారా?”

“ఆగండి, ఇంకా పోతోంది... ఇప్పుడు తగ్గింది. కొత్తదానికి లైటు ఎంతొస్తోంది?”

“మైనస్ ఏడు సార్.”

“బాగుంది. ఏడోదాని లేబుల్ ఒకసారి పూర్తిగా చదవండి.”

టెక్నీషియన్ లేబుల్ మీది అక్షరాలు ఒక్కొక్కటే చదువుతాడు. అవతల ఇంజినీరు తన దగ్గరున్న కాగితంతో సరిపోల్చుకుంటాడు. ఆ కాగితంలో ఏ నిమిషానికి ఏం చెయ్యాలో, ఎక్కడ తేడా వస్తే ఏ మెట్టు నుంచి వెనక్కి రావాలో ముందే రాసి ఉంటుంది. గంటసేపు సాగే పనిలో తీగ లాగడానికి పట్టేది రెండు క్షణాలు. మిగతాదంతా సరైన తీగేనా అని చూసుకోవడమే.

కొత్త తీగ పెట్టే ముందు దాని మొనను చిన్న మైక్రోస్కోపుతో చూస్తారు. దారి మందమే 9 మైక్రాన్లు. కంటికి ఆనని ధూళి రేణువు అక్కడ రోడ్డుకడ్డంగా పడిన బండరాయి. అందుకే తుడవడం, చూడడం, మళ్లీ తుడవడం.

‘అంతరాయం లేదు’ అంటే సున్నా క్షణాలనేనా? టెలిఫోను కంపెనీలు ఒకప్పుడు దీనికి గీత గీశాయి. తీగ తెగితే 50 మిల్లీసెకన్లలోపు రెండో దారికి మారాలన్నది సోనెట్, ఎస్‌డీహెచ్ అనే పాత ఫైబరు వలయాల నియమం. కంటిరెప్ప వాల్చేలోపు పని అయిపోవాలన్నమాట. ఇంటర్నెట్ ఫోనులో మాట మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పోతుంది. రెండు మూడు ముక్కలు పోయినా చెవి పట్టించుకోదు. వెబ్ పేజీ అయితే పోయిన ముక్కను మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. అదీ చాలదనుకునేవాళ్లున్నారు. టీవీ ప్రసారాలవాళ్లు ప్రతి ప్యాకెట్టునూ రెండు కాపీలు చేసి రెండు దారుల్లో పంపుతారు. ప్యాకెట్ల మీద వరస సంఖ్యలుంటాయి కాబట్టి అవతలి యంత్రం ఏది ముందొస్తే అది తీసుకుని రెండోదాన్ని పారేస్తుంది. ఒక దారిని పూర్తిగా ఊడదీసినా తెర మీద చుక్క కూడా కదలదు. ఖర్చు మాత్రం రెట్టింపు.

అద్దం తిప్పితే చాలు

వేల లింకులున్న డేటా సెంటరులో మనుషులు ఒక్కొక్క తీగా ఊడదీసి పెట్టుకుంటూ కూర్చుంటే తెల్లారదు. గూగుల్ తన జుపిటర్ నెట్‌వర్కులో దీనికి అద్దాలు వాడుతున్నట్టు 2022లో వివరించింది. ఫైబరు నుంచి వచ్చిన వెలుగు గాల్లోకి వచ్చి, గింజ కన్నా చిన్న అద్దం మీద పడి, ఇంకో ఫైబరులోకి దూరుతుంది. అద్దాన్ని రవ్వంత వంచితే వెలుగు వేరే ఫైబరుకు పోతుంది. కొన్ని లింకులను డ్రెయిన్ చేసి, అద్దాలు తిప్పి, కొత్త యంత్రాలకు కలిపి, మళ్లీ ట్రాఫిక్ వదులుతారు. ఆ తర్వాత మరికొన్ని.

ఇక్కడా గెలిచింది మొద్దుతనమే. అద్దానికి వేగం తెలియదు. 40 గిగాబిట్ల పాత యంత్రాలూ 200 గిగాబిట్ల కొత్తవీ అదే అద్దాల మీదుగా పోగలవు.

ఇంటి ముందు స్తంభం దాకా

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఇరవై వేల కిలోమీటర్లకు పైగా ఫైబరును కరెంటు స్తంభాల మీదుగా లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే తన గొట్టాలనూ పాతింది. ఊళ్లో ప్రైవేటు కంపెనీలవి వేరే. ఏదైనా, చివరి అంకం ఒకేలా ఉంటుంది. ఎక్స్చేంజీ నుంచి ఒక ఫైబరు వచ్చి, స్తంభం మీది చిన్న పెట్టెలో 32 లేదా 64 పాయలుగా చీలి ఇళ్లకు పోతుంది. ఆ పెట్టెలో కరెంటు లేదు, చిప్పు లేదు. వెలుగును చీల్చే గాజు ముక్క ఒకటుంది, అంతే.

నేడు చాలా ఇళ్లకు వచ్చే జీపాన్ పద్ధతిలో ఆ ఇళ్లన్నీ కలిసి సెకనుకు రెండున్నర గిగాబిట్లు పంచుకుంటాయి. దాని తర్వాతిది 10 గిగాబిట్ల ఎక్స్‌జీఎస్-పాన్. దీన్ని రూపొందించినవాళ్లు పాతది ఆగకూడదని మొదటే షరతు పెట్టుకున్నారు. జీపాన్ కిందికి దిగే వెలుగు 1490 నానోమీటర్ల రంగు, కొత్తది 1577. పైకి వెళ్లేవి 1310, 1270. నాలుగూ ఒకే పోగులో ఒకదాన్నొకటి తాకకుండా పోతాయి. పక్కింటివాళ్లు 10 గిగాబిట్ల కనెక్షన్ తీసుకున్నారనుకుంటే ఎక్స్చేంజీలో కొత్త కార్డు, వాళ్లింట్లో కొత్త డబ్బా పెడితే సరిపోతుంది. స్తంభం మీది గాజు ముక్క జోలికి ఎవరూ పోరు. ఇవతలి ఇంటి డబ్బాలో పరాయి రంగును ఆపే వడపోత ఉంటుంది గనుక దానికి కొత్త వెలుగు కనిపించనే కనిపించదు.

అయితే ఎక్స్చేంజీ దగ్గర పాత రంగులనూ కొత్త రంగులనూ కలిపే చిన్న కూడలి పెట్టె కావాలి. దాన్ని తొలిరోజే పెట్టినవాళ్లకు ఇప్పుడు ఒక్క క్షణం కూడా ఆపే పని లేదు. అప్పట్లో డబ్బు మిగిలిందనుకుని వదిలేసినవాళ్లు ఆ ఫైబరును ఒకసారి ఊడదీసి మళ్లీ పెట్టాలి. అరవై నాలుగు ఇళ్లలో ఎర్రదీపం వెలుగుతుంది, ఆ కాసేపట్లోనే ఎవరో ఒకరు ఫోను చేసి కేకలేస్తారు.

◆ నడిచిన టెలిఫోను ఆఫీసు

ఆపకుండా మార్చాలన్న పట్టుదల ఫైబరుతో పుట్టింది కాదు. 1930లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఇండియానా బెల్ కంపెనీ 11 వేల టన్నుల ఎనిమిదంతస్తుల భవనాన్ని పక్కకు జరిపి 90 డిగ్రీలు తిప్పింది. నెలరోజులకు పైగా సాగిన ఆ కదలికలో లోపల 600 మంది ఉద్యోగులు పని చేస్తూనే ఉన్నారు, ఫోన్లు కలుస్తూనే ఉన్నాయి. టెలిఫోను తీగలకూ నీళ్లకూ గ్యాసుకూ ముందే వదులు ఉంచి, వంగే గొట్టాలు పెట్టారు. భవనాన్ని కూల్చకుండా తిప్పేద్దామన్న ఆలోచన వాస్తుశిల్పి కర్ట్ వానెగట్ సీనియర్‌ది. నవలాకారుడు కర్ట్ వానెగట్ ఆయన కొడుకే. తొంభై డిగ్రీలు తిరిగిన ఆ భవనం 1963 దాకా నిలిచింది.

రెండు దారులు, ఒకే సొరంగం

పైన చెప్పిన ఉపాయాలన్నిటి వెనకా ఒక నమ్మకం దాగుంది, రెండో దారి ఉందని. పటంలో అది ఎప్పుడూ ఉంటుంది. నేలలో ఉంటుందన్న భరోసా లేదు.

2001 జులై 18న అమెరికాలోని బాల్టిమోర్‌లో హోవర్డ్ స్ట్రీట్ కింద ఉన్న రైలు సొరంగంలో రసాయనాలు మోస్తున్న గూడ్సు పట్టాలు తప్పి మంటలంటుకున్నాయి. చాలా చోట్ల ఇంటర్నెట్ నెమ్మదించింది. విచారిస్తే తేలిందేమిటంటే వేర్వేరు కంపెనీల ఫైబరు కేబుళ్లు ఆ ఒక్క సొరంగంలోంచే పోతున్నాయి. సొరంగం ఉండగా మళ్లీ తవ్వడం దేనికని అందరూ అనుకున్నారు. వేర్వేరు కంపెనీల దగ్గర రెండు లింకులు కొనుక్కుని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఆ రెండూ ఒకే సొరంగంలో ఉన్నాయని మంటలు చూశాకే తెలిసింది.

సీ-మీ-వీ 4కూ ఇలాంటి గండమే తగిలింది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర అదీ, మరో పెద్ద కేబులూ కొద్ది గంటల తేడాతో తెగాయి. యూరప్‌కు వెళ్లే దారులు రెండూ దాదాపు ఒకే చోట ఒడ్డెక్కుతుండటంతో మన దేశంలో కూడా ఇంటర్నెట్ నత్తనడక నడిచింది. కొంత ట్రాఫిక్‌ను తూర్పుగా, పసిఫిక్ మీదుగా చుట్టు తిప్పి పంపాల్సి వచ్చింది. ముందే అనుకుని చేసే మార్పుకు ఎంత నేర్పు చూపినా, అనుకోని తెగుడుకు పనికొచ్చేది విడిగా, దూరంగా పాతిన ఇంకో తీగే. అది ఖరీదైన వ్యవహారం కాబట్టే టెండర్లలో మొదట కోత పడేది దాని మీద.

స్తంభం మీద చుట్టలు

కొన్నిసార్లు చివర్లు మారిస్తే సరిపోదు, తీగనే కదపాలి. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, స్తంభాలు పది మీటర్లు వెనక్కి జరగాలి, కేబులూ జరగాలి. గాజు పోగును కోయకుండా ఇది కుదరదు.

ఊళ్లో కరెంటు స్తంభాల మీద అక్కడక్కడా నల్ల తీగ చుట్టలు చుట్టి వేలాడుతుండటం అందరూ చూసే ఉంటారు. మిగిలిపోయిన తీగను బద్ధకంతో అలా వదిలేశారనిపిస్తుంది. అది కావాలని ఉంచిన వదులు. అతుకు పెట్టాల్సి వస్తే కేబులును కిందికి దించి, బల్ల మీదో వ్యాను వెనకో కూర్చుని పని చేసుకోవడానికి ఆ పదీ ఇరవై మీటర్లు కావాలి.

కేబులులో 48 పోగులున్నాయనుకుందాం. అందులో 20 వెలుగుతున్నాయి, 28 చీకట్లో ఉన్నాయి. వేసిన రోజున ఎందుకూ పనికిరాని ఖర్చుగా కనిపించిన ఆ చీకటి పోగులే ఇప్పుడు అక్కరకొస్తాయి. కొత్త దారిలో కొత్త కేబులు ముక్క లాగుతారు. పాతదాని పైతొక్కను పొడవునా చీల్చి, లోపలి గొట్టాలు విప్పి, ముందు చీకటి పోగులను మాత్రమే కోసి రెండు చివర్లా కొత్త ముక్కకు అతుకుతారు. ఓటీడీఆర్ అనే యంత్రంతో వెలుగు చిటిక పంపి, ప్రతిధ్వని విని, ఏ మీటరు దగ్గర లోపముందో చూస్తారు. బాగుందనుకున్నాక రెండు ఎక్స్చేంజీల్లోనూ ట్రాఫిక్‌ను ఆ పోగుల మీదికి మళ్లిస్తారు. ఇప్పుడు చీకటైపోయినవి పాత ఇరవై. వాటి వంతు అప్పుడొస్తుంది.

అన్నిటికన్నా గుండె దడ పుట్టించేది కోత. నీలం, నారింజ, ఆకుపచ్చ, బ్రౌన్, స్లేట్... పన్నెండు రంగుల వరస ఉన్నా రాత్రిపూట టార్చి వెలుగులో స్లేటూ తెలుపూ ఒకేలా కనిపించవచ్చు. అందుకే కోసే ముందు పోగును ఒక క్లిప్పులో పెట్టి రవ్వంత వంచుతారు. వంపు దగ్గర కాస్త వెలుగు బయటికి కారుతుంది. అది ఉంటే ఆ పోగు బతికే ఉంది, చెయ్యి తియ్యాలి.

కోశాక అతికించడం చేతివాటం. ముందు సన్నటి స్లీవు ఎక్కించాలి (ఇది మరిచిపోతే అంతా మళ్లీ మొదటికే; కొత్తగా చేరినవాళ్లందరూ ఒకసారి మరిచినవాళ్లే). రంగుపొర ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, మొనను వజ్రపు అంచుతో నిట్టనిలువుగా విరవాలి. స్ప్లైసింగ్ మెషీనులో రెండు మొనలూ తెర మీద రెండు గాజు దూలాల్లా కనిపిస్తాయి. యంత్రం వాటిని ఎదురెదురుగా చేర్చి ‘చిట్’ మని ఒక మెరుపు మెరిపిస్తుంది. గాజు కరిగి ఒకటవుతుంది. తెర మీద లాస్ 0.02 అని పడితే మంచి అతుకు. స్లీవును వేడిచేసి బిగించి, ట్రేలో చుట్టి, తర్వాతి రంగు అందుకోవాలి.

నలభై ఎనిమిదోది అయ్యేసరికి తెల్లవారుజాము నాలుగవుతుంది. పాలవ్యాను హారన్ వినిపిస్తుంటుంది. జాయింటు డబ్బా మూత బిగించి, కేబులును మళ్లీ చుట్ట చుట్టి స్తంభం ఎక్కిస్తారు. కిందటి రాత్రి కన్నా ఒక చుట్టు తక్కువ.